వెన్నులో సెన్సర్ పెట్టించమంటున్నారు, పెట్టించాలా?

ప్రశ్న: మా మామయ్యగారికి 61 ఏళ్లు, గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తా. నాలుగు నెలల క్రితం విజయవాడలో ఎల్4-ఎల్5 ఫ్యూజన్ (నడుములోని నాలుగు, ఐదో పూసలని ఒకటిగా అతికించే ఆపరేషన్) చేసి రాడ్లు, స్క్రూలు వేశారు. నొప్పి బాగా తగ్గింది కానీ ఎముక అతికిందో లేదో అని ఆయనకి ఒకటే టెన్షన్. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు, లోపల సెన్సర్ పెడితే ఫోన్‌లోనే తెలిసిపోతుందట, పెట్టించండి అంటోంది. ఇప్పుడు పెట్టించవచ్చా?
- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వద్దమ్మా. ఉన్న రాడ్లు తీసి సెన్సర్ రాడ్లు వేయడమంటే మళ్లీ మత్తు, మళ్లీ కోత, ఇన్ఫెక్షన్ భయం. నొప్పి తగ్గిన మనిషికి ఆ అవస్థ ఎందుకు? పైగా వెన్ను విషయంలో ఇది ఇంకా పరిశోధన దశ దాటి మామూలు వైద్యంలోకి రాలేదు.

మీ ఆడపడుచు బహుశా మోకాలి సంగతి విని ఉంటారు. పర్సోనా ఐక్యూ అనే సెన్సర్ ఉన్న కృత్రిమ మోకాలికి అమెరికాలో మందులు, వైద్య పరికరాలకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2021లో అనుమతిచ్చింది, ఎన్ని అడుగులు వేశారు, మోకాలు ఎంత వంగుతోంది లాంటి లెక్కలు అది పంపుతుంది. మోకాలు కదలాలి, ఫ్యూజన్ చేసిన చోటు కదలకూడదు, కాబట్టి ఆ లెక్కలు ఇక్కడ పనికిరావు.

వెన్నులో చూడాల్సింది రాడ్ మీద పడే భారం. కొత్తలో చాలా భారం రాడ్లే మోస్తాయి, పూసల మధ్య పెట్టిన ఎముక గట్టిపడే కొద్దీ అది ఎముక మీదకి మళ్లుతుంది, కంటికి కనిపించనంత సన్నగా రాడ్ వంగడం కూడా ఆ మేరకు తగ్గుతుంది, దాన్ని స్ట్రెయిన్ గేజ్ (అలాంటి సన్నటి వంపుని కొలిచే సెన్సర్) పట్టుకోవాలి, ఇదీ ఆలోచన. వినడానికి బాగానే ఉంది! కానీ బెర్లిన్‌లో రోల్‌మాన్, బెర్గ్‌మాన్ అనే పరిశోధకుల బృందం 1990లలోనే కొందరు రోగులకు ఇలా భారం కొలిచే పరికరాలు అమర్చి చూస్తే, ఎముక అతికాక కూడా కొందరిలో భారం ఎక్కువగానే కనిపించింది. అంటే అంకె చూసి అతికిందనో లేదనో తేల్చేయడం అంత తేలిక కాదు.

అసలు నాలుగు నెలలకే ఎముక సంగతి తేలదు, ఆరు నెలల నుంచి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. సర్జన్ చెప్పినప్పుడు నడుం ముందుకీ వెనక్కీ వంచి ఎక్స్‌రేలు తీయించండి, అనుమానం వస్తే ఆయనే సీటీ స్కాన్ రాస్తారు. స్క్రూ చుట్టూ నల్లటి అంచు కనిపిస్తే అది వదులైందేమోనని చూస్తారు, ఫిల్మ్ వెలుతురులో పెట్టి మీకూ చూపించమనండి.

మీరు రాయలేదు గానీ, ఆయనకి సిగరెట్టో చుట్టో అలవాటుందా? ఉంటే ఈరోజే మాన్పించండి, పొగ ఎముకని అతకనివ్వదు. షుగర్ ఉంటే అదుపులో ఉండాలి. గుమాస్తా పనే కదా అనుకుంటాం, సీజన్లో చెయ్యి సాయానికని ఒక మిర్చి టిక్కీ (బస్తా) ఎత్తితే చాలు, నడుముకి ముప్పే, సర్జన్ ఒప్పుకునేదాకా అది మాత్రం కుదరదని చెప్పండి.

జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము పట్టినా, కాలు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి తీసుకెళ్లండి.