చెల్క అంచున నేల ఆర్కిడ్: దున్నాలా, వదిలేయాలా?

ప్రశ్న: నాకు అచ్చంపేట దగ్గర నాలుగు ఎకరాల ఎర్ర చెల్క ఉంది. పత్తిలో కంది వేస్తాను. పొలం ఉత్తరపు అంచున గుట్టకు ఆనుకొని మూడు గుంటల రాళ్ల బీడు ఉంది. వానలు పడగానే అక్కడ నేలకు అతుక్కున్నట్టు గుండ్రటి మందపాటి ఆకులు వస్తాయి. శ్రావణంలో జానెడు కాడకు తెల్లటి పూలు పూస్తాయి. పొద్దుగూకాక మంచి వాసన వస్తుంది. ఒక మొక్కను పీకి చూస్తే అడుగున రెండు గడ్డలు ఉన్నాయి, ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా. ఇది ఏ మొక్క? మేకలు మేస్తే ప్రమాదమా? ఒక బేరగాడు గడ్డలను కిలోల లెక్కన కొంటానంటున్నాడు, దీన్ని పంటగా వేసుకోవచ్చా? కాదంటే గడ్డి మందు కొట్టి, ఎండాకాలంలో జేసీబీతో రాళ్లు తీయించి పత్తి చేనులో కలుపుకోవాలని ఉంది.
– ఒక రైతు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: మీరు ఆకు, పువ్వు, గడ్డ మూడింటినీ గమనించి రాశారు కాబట్టి మొక్కను గుర్తించడం తేలికైంది. మీ వర్ణనను బట్టి ఇది హబెనేరియా రాక్స్‌బర్గీ అనే నేల ఆర్కిడ్. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చి, సామర్లకోటలో ఉంటూ కోరమాండల్ తీరపు మొక్కలను బొమ్మలతో సహా నమోదు చేసిన విలియం రాక్స్‌బర్గ్ పేరు దీనికి పెట్టారు. నల్లమల, దాని చుట్టుపక్కల గుట్టల్లో వానాకాలంలో మాత్రమే కనిపించే మన సొంత మొక్క ఇది. ఎవరూ బయటి నుంచి తెచ్చి నాటింది కాదు. ఆర్కిడ్ అనగానే ఇప్ప, మామిడి కొమ్మల మీద వేళ్లు వేలాడేసుకొని పెరిగే వ్యాండా వంటివే చాలామందికి గుర్తొస్తాయి గానీ, మట్టిలో గడ్డ వేసి బతికే ఆర్కిడ్లు కూడా మన ప్రాంతంలో ఉన్నాయి.

పోలిన మొక్కలతో పొరపాటు పడకుండా మరికొన్ని గుర్తులు చూడండి. ఈ మొక్కకు ఆకులు రెండు మొదలుకొని నాలుగైదు దాకా ఉంటాయి, అవన్నీ మట్టిని తాకుతూ పరుచుకుంటాయి. పువ్వును పక్క నుంచి చూస్తే వెనుక వైపు కిందికి వంగిన సన్నని గొట్టం ఒకటి కనిపిస్తుంది, తేనె ఉండేది దాని అడుగునే. అడవి ఉల్లికి పొరలు పొరలుగా గడ్డ ఉంటుంది, ఇందులో పొరలు ఉండవు. నేలతాడికి మడతలు పడిన గడ్డిలాంటి ఆకులు, పసుపు రంగు చుక్కల్లాంటి పూలు ఉంటాయి, అది ఆర్కిడ్ కాదు. మరో నేల ఆర్కిడ్ అయిన నెర్వీలియాకు ఒక్కటే ఆకు వస్తుంది, అదీ పువ్వు వాడిపోయిన తర్వాతే.

మేకల గురించి ఆందోళన పడవలసిన పని లేదు. మన పశువులకు విషమయ్యే మొక్కల్లో దీనిని లెక్కించరు. మీ మందకు నిజమైన ముప్పు వానలు ముఖం చాటేసినప్పుడు వాడిన లేత జొన్న పిలకల వల్ల, ఆముదం ఆకు, గింజల వల్ల, గన్నేరు, లంటానా వల్ల ఉంటుంది. వాటి మీద కన్ను వేసి ఉంచండి. నిజానికి ఇక్కడ నష్టపోయేది మేక కాదు, మొక్కే. ఎందుకో తెలియాలంటే ఆ రెండు గడ్డల సంగతి తెలియాలి.

మీరు పీకిన మొక్కలో మెత్తబడి ముడుచుకుపోతున్నది నిరుటి గడ్డ. మృగశిర, ఆరుద్ర కార్తెల వానలకు ఆకు తీసి, కాడ వేసి, పూలు పూయడానికి మొక్క ఖర్చు పెట్టేది అందులోని నిల్వనే. గట్టిగా ఉన్నది ఈ ఏటి గడ్డ, వచ్చే ఏడాది మొలకకు అదే గాదె. అది నిండేది పూత సమయంలోనూ, పూలు రాలిన తర్వాత ఆకులు పచ్చగా ఉండే ఆ కొద్ది వారాల్లోనూ. కార్తీకం వచ్చేసరికి ఆకులు పసుపుబారి ఎండిపోతాయి, మళ్లీ తొలకరి దాకా పైన ఆనవాలు కూడా ఉండదు. కాబట్టి భాద్రపదంలోనో ఆశ్వయుజంలోనో మేకలు ఆకులను కొరికేస్తే కొత్త గడ్డ చిన్నదిగానే ఉండిపోతుంది, మరుసటి ఏడు ఆకు వస్తుంది గానీ పూత రాదు. అలా రెండు మూడేళ్లు జరిగితే మొక్క చచ్చిపోతుంది. పూత అయిపోయింది కదా, ఇక మేపితే ఏమవుతుందని చాలామంది అనుకుంటారు, మొక్కకు అసలు అవసరమైన కాలం అప్పుడే మొదలవుతుంది.

ఇక పంటగా వేసుకునే మాట. దీని కాయలో గింజలు వేల సంఖ్యలో ఉంటాయి, ఎండిన కాయను తెల్ల కాగితం మీద తడితే పుప్పొడి రాలినట్టు రాలతాయి. కందిగింజలో పప్పు ఉన్నట్టు ఆ గింజలో మొలకకు తిండి ఏమీ ఉండదు. మట్టిలోని ఒక రకం శిలీంధ్రపు దారం ఆ గింజలోకి చొరబడి ఆహారం అందిస్తేనే అది బతుకుతుంది. మొదటి ఆకు వెలుతురు చూసేదాకా మొలక నేల అడుగునే ఆ శిలీంధ్రం మీద ఆధారపడి ఉంటుంది, అక్కడి నుంచి పూత దశకు రావడానికి మరికొన్ని ఏళ్లు పడుతుంది. వరిలో పాముపొడ తెగులును కలిగించే రైజోక్టోనియా పేరు మీకు తెలిసే ఉంటుంది. ఆర్కిడ్ గింజలను మొలిపించే శిలీంధ్రాలు చాలావరకు ఆ గుంపునకు దగ్గరివే. ఒక పంటకు తెగులుగా వచ్చే తెగకు చెందినవే ఇంకొక మొక్కకు పాలిచ్చే తల్లిగా నిలవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించే విషయం. 1922లో లూయిస్ నడ్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త చక్కెర, లవణాలు కలిపిన మాధ్యమంలో శిలీంధ్రం లేకుండానే ఆర్కిడ్ గింజలను మొలిపించిన తర్వాత ప్రయోగశాలల్లో ఈ పని సాధ్యమైంది గానీ, చెల్కలో సాలు తోలి గింజ జల్లితే మొలిచే పంట మాత్రం ఇది కాదు. గడ్డలు నాటి పెంచుదామన్నా లాభం లేదు, ఒక మొక్క ఏడాదికి సాధారణంగా పాత గడ్డ స్థానంలో ఒక కొత్త గడ్డనే ఇస్తుంది.

బేరగాడి విషయంలో గట్టిగా చెప్పవలసి వస్తోంది, అమ్మవద్దు. హిమాలయాల్లోని కొన్ని నేల ఆర్కిడ్ల గడ్డలు సాలబ్ మిశ్రి పేరుతో మూలికల అంగళ్లలో ఖరీదుకు పోతాయి, ఆ గిరాకీ చూసి ఏ ఆర్కిడ్ గడ్డనైనా అందులో కలిపే ప్రయత్నాలు జరుగుతాయి. కిలో గడ్డలు తూగాలంటే ఎన్ని మొక్కలు పోవాలో మీరు పీకిన గడ్డను చేతిలో పట్టుకొని చూస్తే అర్థమవుతుంది; మీ మూడు గుంటలు ఒక్క పూటలో ఖాళీ అవుతాయి. ఆర్కిడ్ కుటుంబం మొత్తం అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు జాబితాల్లో ఉంది, మన దేశం 1976 నుంచి అందులో భాగస్వామి. మీ గుట్ట పైభాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి వస్తే, అక్కడి నుంచి ఏ మొక్కను తవ్వినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమవుతుంది. పట్టా భూమి గడ్డలనే చెప్పి అడవి గడ్డలు కూడా అందులో కలిపితే చివరికి చిక్కుల్లో పడేది మీరే.

రాళ్ల బీడును చదును చేసే ఆలోచనను లెక్క వేసి చూద్దాం. ఎకరాకు ఆరు క్వింటాళ్ల పత్తి వస్తుందనుకున్నా మూడు గుంటలకు వచ్చేది 45 కిలోలు, అదీ ఆ పరుపు బండ మీద చెల్కతో సమానంగా పండితేనే. జేసీబీ బాడుగ, రాళ్లు ఎత్తించే కూలి, ఆ తర్వాత గుట్ట మీది నుంచి అడ్డం లేకుండా వచ్చే వాననీరు కింది చేను మట్టిని కోసుకుపోవడం, ఇవన్నీ ఆ 45 కిలోల్లోంచే రావాలి. ఆ బీడు ఇప్పుడు మీ చేనుకు ఊరికే దొరికిన గెట్టులా పనిచేస్తోంది.

ఆర్కిడ్ అక్కడే ఎందుకుందో కూడా చెప్పాలి. రాళ్ల సందుల్లో నీరు నిలవదు, నిలిస్తే గడ్డ కుళ్లుతుంది. అదే రాయి నీడన ఎండ రోజుల్లోనూ కొంత తేమ మిగులుతుంది. తునికి, బిల్లుడు, చిరుమాను ఆకులు రాలి ఆ సందుల్లో చివికి పలచటి నల్లమట్టి పొర ఏర్పడుతుంది, శిలీంధ్రం బతికేది దాని మీదే. అన్నిటికన్నా ముఖ్యంగా ఆ చోట నాగలి పడలేదు, కాబట్టి మట్టిలోని శిలీంధ్రపు దారాలు తెగలేదు. మీ చెల్క మధ్యలో ఈ మొక్క ఒక్కటీ కనిపించకపోవడానికి, పక్కనే ఉన్న రాళ్లలో పదుల సంఖ్యలో ఉండడానికి కారణం ఇదే.

గడ్డి మందు ఆ చోట అసలే వద్దు. గ్లైఫోసేట్ ఆకు మీద పడితే అక్కడితో ఆగకుండా లోపలి గడ్డ దాకా దిగి, పాత గడ్డతో పాటు కొత్తదాన్నీ చంపుతుంది. పైగా ఈ మందు వాడకాన్ని లైసెన్సు ఉన్న చీడపీడల నియంత్రణ నిర్వాహకులకే పరిమితం చేస్తూ కేంద్రం 2022 అక్టోబరులో ప్రకటన ఇచ్చింది. కార్బెండజిమ్ వంటి శిలీంధ్రనాశినులను వేళ్లకు పోసేటప్పుడు ఆ నీరు బీడు వైపు పారకుండా చూడండి. ట్రైకోడెర్మా కలిపిన పశువుల ఎరువు పత్తికి, కందికి మంచిదే, కానీ అది రైజోక్టోనియా గుంపు శిలీంధ్రాలను తినే శిలీంధ్రం కాబట్టి బీడులో వేయవద్దు. యూరియా, డీఏపీ పడితే గడ్డి ఏపుగా పెరిగి నేలకు అంటుకున్న ఈ ఆకులను కప్పేస్తుంది.

మీరు పెట్టవలసిన ఖర్చు చాలా తక్కువ, పట్టించుకోవలసింది కాలాన్ని. తొలకరి నుంచి ఆకులు పూర్తిగా ఎండేదాకా, అంటే సుమారు జూన్ నుంచి నవంబరు తొలి వారాల దాకా, ముళ్లకంప అడ్డం వేసి మేకలను రానివ్వకండి. ఆ తర్వాత కంప తీసి మేపుకోండి, మేపాలి కూడా. ఏడాది పొడవునా మూసి ఉంచితే బోదగడ్డి, పొదలు కమ్ముకొని ఆర్కిడ్‌కు వెలుతురు అందదు. లంటానా మొలిస్తే పైన కొమ్మలు కొట్టి వదలకుండా, మొదలుకు రెండు మూడు అంగుళాల కింద తల్లివేరును నరికి, మొక్కను తలకిందులుగా పెట్టి ఎండనివ్వండి. ఈ పని ఎండాకాలంలో చేయవలసి వస్తే ఆర్కిడ్లు ఉన్న చోటు కనిపించదు కాబట్టి, పూత ఉన్నప్పుడే ఒక్కొక్క మొక్క పక్కన సున్నం పూసిన రాయి పెట్టుకోండి. ఉపాధి హామీ కందకాలు తవ్వడానికి వచ్చినా ఆ రాళ్లు చూపించి కందకాన్ని పైకో కిందికో జరిపించండి.

హబెనేరియా జాతుల్లో తెల్లగా పూసి, చీకటి పడ్డాక వాసన వెదజల్లే వాటికి ఎక్కువగా పరాగ సంపర్కం చేసేవి పొడవాటి నాలుక ఉన్న రెక్కల పురుగులు (మాత్‌లు). నువ్వు చేలో కనిపించే కొమ్ము పురుగు పెద్దయి రెక్కలొస్తే వీటిలోని హాక్‌మాత్ కుటుంబానిదే. అందువల్ల ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బీడుకు ఆనుకొని ఉన్న నాలుగైదు పత్తి సాళ్లలో, పురుగు ఆర్థిక నష్టపరిమితి (మందు ఖర్చును మించి పంట నష్టపోయే స్థాయి) దాటితే తప్ప మందు కొట్టకండి.

తప్పనిసరై ఒకటి రెండు మొక్కలను జరపవలసి వస్తే డిసెంబరు నుంచి మార్చి లోపు, గుర్తు రాయి చుట్టూ జానెడు వెడల్పు, జానెడు లోతున మట్టి పెళ్లను విరగకుండా ఎత్తి, అదే బీడులో అలాంటి రాళ్ల సందులోనే, అదే మట్టంలో దించాలి. మట్టి దులిపి గడ్డను మాత్రం తెచ్చి ఇంటి పెరట్లో పాతితే ఒక ఏడు ఆకు తీసి ఆగిపోయే అవకాశమే ఎక్కువ.

పోలికను ఖాయం చేసుకోవడానికి ఈసారి పూసినప్పుడు మొక్కను పీకకుండా మూడు ఫొటోలు తీయండి: పై నుంచి ఆకులు, ఎదురుగా పువ్వు, వెనుక గొట్టం కనిపించేలా పక్క నుంచి పువ్వు. వాటిని పాలెంలోని వ్యవసాయ పరిశోధనా స్థానంలో గానీ, దగ్గరి డిగ్రీ కళాశాల వృక్షశాస్త్ర అధ్యాపకులకు గానీ చూపించండి.