అందరి నోటా ఒకే ‘హాయ్ గైస్’ ఎందుకమ్మా

అమ్మాయ్,

నీ కథ రాత్రి రెండుసార్లు చదివాను. అరుగు మీద మిరపకాయల తొడిమలు తీసే నాయనమ్మ బాగుంది. ముందు నాకు కోపం తెప్పించిన మాట చెప్పనీ.

బ్రాడీపేట టీ కొట్టు దగ్గర నలుగురు అమ్మాయిలూ ఇద్దరు అబ్బాయిలూ ఉంటే నీ హీరోయిన్ వచ్చి ‘హాయ్ గైస్’ అంది. సరే, ఈ కాలం పిల్ల, అంటుంది. రెండు పేజీల తర్వాత ముసలి లెక్చరర్ క్లాసులోకి వచ్చి అదే అన్నాడు, డల్లాస్ నుంచి దిగిన బాబాయి కూడా అదే. ముగ్గురికీ ఒకే నోరు పెట్టేశావు!

మనిషి పదిమంది మధ్యకి వచ్చి అనే మొదటి మాటలోనే అతని ఊరూ వయసూ చనువూ తెలిసిపోతాయని నా నమ్మకం, నలభై ఏళ్లుగా అందరికీ ఇదే చెబుతున్నా. ఇంగ్లీషులోనూ అంతే. డల్లాస్ ఉన్న టెక్సస్‌లో పాతికేళ్లు గడిపినవాడి నోట ‘మీరంతా’ అనడానికి ‘యాల్’ దొర్లుతుంది, అది అమెరికా దక్షిణాది మాట. ఇంగ్లాండులో ‘యూ లాట్’ అంటారు. మీ లెక్చరర్ ‘గుడ్ మార్నింగ్ ఎవ్రీవన్’ దాటడు. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్లకి ఒక్కరిని పిలవడానికి ‘దౌ’ ఉండేది, అది వాడుకలోంచి పోయి ఒకరికైనా వందమందికైనా ‘యూ’ ఒక్కటే మిగిలింది, అందుకే ఇన్ని తంటాలు. ఇక ‘గై’ అసలు ఒక మనిషి పేరు. 1605లో లండన్ పార్లమెంటును పేల్చబోయి దొరికిపోయిన గై ఫాక్స్. ఏటా నవంబరు 5న తగలబెట్టే అతని దిష్టిబొమ్మని గై అన్నారు, తర్వాత వింత వేషం వేసినవాణ్ణి, అమెరికాలో చివరికి ఏ మగవాణ్ణయినా. ఆడవాళ్లున్న గుంపుకీ అదే పాకింది గానీ, అందులో మేం లేమని నొచ్చుకునే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నీ నలుగురు అమ్మాయిల్లో ఒక్కరికైనా అలా అనిపించదా? అక్కడ ఒక సీనే ఉంది, చూడకుండా వెళ్లిపోయావు.

మనకి అబ్బాయైతే ‘ఏరా’, అమ్మాయైతే ‘ఏమే’, కలిసి ఉంటే ‘ఏమర్రా’. ఆ ‘అర్రా’లో ఆడా మగా తేడా లేదు, చనువున్న పెద్దవాళ్ల నోట్లోంచి వస్తే ఇంకే మాటకీ లేని వెచ్చదనం ఉంటుంది. నా మూడో కథలో అమ్మ పెరట్లోకి వచ్చి ‘ఏందర్రా, అన్నాలు తినరా’ అంటుంది. ఒక వారపత్రిక ఎడిటర్ దాన్ని ‘పిల్లలారా, భోజనం చేయరా’ అని మార్చి వేశాడు. విజయవాడ ఏలూరు రోడ్డులో పుస్తకాల కొట్టు ముందు నిలబడి చదివాను. అచ్చులో మా అమ్మ లేదు. గుంటూరు బస్సెక్కి ఇంటికొచ్చేదాకా నోట మాట రాలేదు, ఆ పత్రికకి మళ్లీ ఒక్క కథా పంపలేదు. ఇప్పటి ఎడిటర్లేమో ‘అర్రా’ పాతబడిందంటారు, వాళ్లతోనూ గొడవే.

హీరోయిన్ ‘గైస్’ ఉంచుకో. లెక్చరర్‌నీ బాబాయినీ మార్చు. తొమ్మిదో పేజీలో వాన మొదలయ్యాక ఆ ఆరుగురినీ నాయనమ్మ ‘అందరూ లోపలికి రండి’ అంటుంది చూడు, ముందు అది కొట్టేయ్. ఆవిడ చేతిలో చేట పక్కన పెట్టి ‘తడుస్తారు, రండర్రా’ అనాలి. ఆ పేజీ మళ్లీ రాసి పంపు, ఈ వారంలోనే చదువుతా.