‘ఫొటో పంపాడు, ఇప్పుడు డబ్బు కోసం బెదిరిస్తున్నారు.. బాబు ఫోన్ లాగేసుకోవాలా?’

ప్రశ్న: డాక్టరు గారూ, మా బాబుకు 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. రెండు వారాలుగా సరిగా తినడం లేదు, నిద్రపోవడం లేదు. పొద్దున్నే కడుపునొప్పి అంటూ స్కూలు మానేస్తున్నాడు. నిన్న నా యూపీఐ నుంచి ఎవరికో రూ.2,000 వెళ్లినట్టు మెసేజ్ చూసి గట్టిగా అడిగితే ఏడ్చేశాడు. గేమ్‌లో పరిచయమైన ‘అమ్మాయి’ ఇన్‌స్టాగ్రామ్‌లోకి రమ్మని, బట్టల్లేని ఫొటో తెప్పించుకుందట. ఇంకో రూ.5,000 పంపకపోతే క్లాసులో అందరికీ పంపిస్తానంటోందట. మావారు ఫోన్ పగలగొట్టేస్తానంటున్నారు. పోలీసుల దగ్గరికెళ్తే పరువు పోతుందని నాకు భయం. సైకియాట్రిస్టుకు చూపించాలా?
– ఒక సోదరి, నల్లకుంట

జవాబు: ఫోన్ పగలగొట్టనివ్వకండి. అందులోంచి దేన్నీ చెరిపేయనివ్వకండి కూడా. అవతలివాణ్ని పట్టించే ఆధారాలన్నీ అందులోనే ఉన్నాయి. అంతకన్నా పెద్ద కారణం మరొకటుంది. ‘మీ నాన్నకు తెలిస్తే చంపేస్తాడు’ అన్న భయాన్ని పెట్టుబడిగా పెట్టుకునే ఇలాంటివాళ్లు డబ్బు గుంజుతారు. ఇంట్లో తెలిసిపోయినా కొట్టలేదు, తిట్టలేదు, నా పక్కనే నిలబడ్డారు అని బాబుకు అర్థమైతే ఆ బెదిరింపులో బలం సగం తగ్గిపోతుంది. అందుకే ఈరోజు మీవారు చేయగల మేలు ఒకటుంది. బాబు పక్కన కూర్చుని, ‘తప్పు చేసింది వాడు. నువ్వు చెప్పడం మంచిదైంది. ఇక ఇది మా పని’ అనాలి. ‘అసలు ఎందుకు పంపావురా?’ అనే ప్రశ్న ఇప్పుడు వద్దు. బాబాయిలు, మేనమామలు వచ్చి తలా ఒకసారి అడగడం అసలే వద్దు. జరిగింది ఒక్కసారి చెప్పించుకుని, తేదీలతో సహా కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇక మీరు అడగని విషయం ఒకటి నేను అడగాలి. ఈ బెదిరింపుల్లో పిల్లల ప్రాణానికే ముప్పుంటుంది. ముఖ్యంగా డబ్బు గడువు పెట్టిన గంటల్లో, ఇంట్లో గొడవైన రాత్రుల్లో. ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అని ఆ మాటతోనే సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. నిజానికి చాలామంది పిల్లలకు ఆ ప్రశ్నతో గుండె బరువు దిగుతుంది. లేదన్నా సరే, కొన్నాళ్లపాటు మీలో ఒకరు రాత్రిళ్లు అదే గదిలో పడుకోండి. బీపీ, షుగర్, నిద్ర మాత్రలు, బాత్‌రూమ్ యాసిడ్, ఎలుకల మందు తాళం వేసిన చోట పెట్టండి. టెర్రస్ తాళం చెవి మీ దగ్గరే ఉంచుకోండి. అవునన్నా, ఎలా చనిపోవాలో ఆలోచించి పెట్టుకున్నా, ఇష్టమైన వస్తువులు పంచిపెడుతున్నా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి, అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

డబ్బు ఇక ఒక్క రూపాయి కూడా పంపకండి. ఇచ్చేవాళ్లని తెలిస్తే అడగడం ఆగదు, మొత్తం పెరుగుతుంది. బతిమాలడం, ఎదురు బెదిరించడం రెండూ దండగే. జవాబివ్వడం పూర్తిగా ఆపాలి.

బ్లాక్ చేసే ముందే ఆధారాలు తీసుకోండి. బెదిరింపు మెసేజ్‌లు తేదీ, టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. ప్రొఫైల్‌పై కనిపించే పేరు ఒక్కటే సరిపోదు. యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింకు, గేమ్‌లోని ఐడీ కూడా రాసుకోండి. డబ్బు వెళ్లిన యూపీఐ ఐడీ, 12 అంకెల యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య) మీ యాప్‌లో లావాదేవీ వివరాల్లో దొరుకుతాయి. స్నాప్‌చాట్‌లో, ఇన్‌స్టాలో మాయమయ్యే చాట్‌లలో స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివాడికి తెలిసిపోతుంది, అలాంటిచోట ఇంకో ఫోన్‌తో తెరను ఫొటో తీయండి. ఒక జాగ్రత్త: బాబు ఫొటోను మాత్రం కాపీ చేయొద్దు, సలహా కోసమని బంధువులకు వాట్సాప్ చేయొద్దు. పిల్లల నగ్నచిత్రాన్ని ఎవరు ఫార్వర్డ్ చేసినా ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద నేరమే. పోలీసులకు అదే ఫోన్‌లో చూపిస్తే చాలు. తర్వాత ఆ అకౌంట్‌ను యాప్‌లోనే రిపోర్ట్ చేసి, ఆపై బ్లాక్ చేయండి. బాబు పాస్‌వర్డ్ మార్చి, టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే రక్షణ) పెట్టండి.

డబ్బు పోయింది కాబట్టి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారకముందే ఆపగలిగితేనే ఫలితం, అందుకే గంటలు ముఖ్యం. నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలపై నేరాలకు వేరే విభాగముంది. పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే వీలున్నా, మీ కేసులో వివరాలిచ్చి ట్రాక్ చేసే పద్ధతే ఎంచుకోండి. లేకపోతే ఫిర్యాదు ఎక్కడిదాకా వచ్చిందో తెలియదు.

పరువు గురించి మీ భయం అర్థమవుతోంది. కానీ లైంగిక నేరాల నుంచి పిల్లల్ని కాపాడే 2012 నాటి పోక్సో చట్టం అబ్బాయిలకూ వర్తిస్తుంది. బాబు పేరు, స్కూలు పేరు మీడియాలో రాకూడదు. వాంగ్మూలం ఇంట్లో గానీ, బాబు కోరిన చోట గానీ తీసుకోవాలి. వచ్చే అధికారి యూనిఫాంలో ఉండకూడదు. రాత్రివేళ పిల్లల్ని స్టేషన్‌లో ఉంచకూడదు. నేరుగా స్టేషన్ మెట్లెక్కడానికి జంకుగా ఉంటే సైఫాబాద్ హాకా భవన్‌లోని భరోసా సెంటర్‌కు వెళ్లండి. పోలీసు, న్యాయ సహాయం, కౌన్సెలింగ్ ఒకేచోట ఉంటాయి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 కూడా దారి చూపిస్తుంది.

ఫొటో బయటికి వస్తుందేమోనన్న బెంగకు ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పనిచేసే అమెరికాలోని ఎన్‌సీఎంఈసీ సంస్థ నడుపుతోంది, మనమూ వాడుకోవచ్చు. ఫొటో ఫోన్‌లోంచి బయటికి వెళ్లదు. దాని నుంచి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారవుతుంది. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటివి ఆ కోడ్‌తో పోల్చి ఫొటోను ఆపగలవు. ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప ఎవరూ చూడలేని రక్షణ) ఉండే వాట్సాప్ చాట్‌లలో మాత్రం ఇది పనిచేయదు. ఒకవేళ క్లాసులో ఎవరికైనా చేరితే అప్పుడు ప్రిన్సిపల్‌కు, కౌన్సెలర్‌కు చెప్పండి. అప్పటిదాకా స్కూలంతటికీ చెప్పాల్సిన అవసరం లేదు.

కడుపునొప్పి నటన కాదమ్మా. భయంలో ఉన్న పిల్లలకు పొద్దున్నే కడుపులో నిజంగానే నొప్పి వస్తుంది. జ్వరం, వాంతులు ఉంటే, నొప్పి ఒకేచోట నిలిచి ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి. నిద్ర కోసం మందుల షాపులో అడిగి ఏ మాత్రా వేయకండి. సైకియాట్రిస్టు విషయానికొస్తే, ఈ వారంలోనే ఒకసారి చూపించడం మంచిది. తిండి, నిద్ర పాడై రెండు వారాలైంది కదా. ప్రభుత్వపరంగా ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్తే పిచ్చి ముద్ర పడుతుందని వెనకాడకండి. చాలామంది పిల్లలకు మందుల అవసరమే రాదు, మాటలతోనే తేరుకుంటారు. నెల దాటినా పీడకలలు, ఫోన్ మోగితే ఉలిక్కిపడటం, స్నేహితుల్ని తప్పించుకు తిరగడం తగ్గకపోతే మాత్రం క్రమం తప్పని చికిత్స కావాలి.

కేసు దారిన పడ్డాక ఫోన్ కట్టుబాట్లు, బాబుతో కూర్చునే రాసుకోండి. ఉచితంగా స్కిన్‌లు (గేమ్ పాత్రల వేషాలు), డైమండ్లు (గేమ్‌లో చెల్లే డబ్బు) ఇస్తామంటూ గేమ్ నుంచి వేరే యాప్‌కు రమ్మనడమే వీళ్ల మొదటి మెట్టు. అవతల కనిపించే అమ్మాయి ఫొటో ఎక్కడో దొంగిలించినదై ఉంటుంది. వీడియో కాల్ కూడా రికార్డు చేసినది కావచ్చు. ‘వేరే యాప్‌కి రా’ అంటే అక్కడితో ఆపి ఇంట్లో చెప్పాలన్నది బాబుకు బాగా గుర్తుండాలి. గేమ్‌లో వాయిస్ చాట్ తెలిసిన స్నేహితులకే పరిమితం చేయండి. ఇన్‌స్టాలో పుట్టిన తేదీ సరిచూడండి. చాలామంది పిల్లలు 18 దాటినట్టు పెట్టేస్తారు. అలా పెడితే టీనేజ్ పిల్లల కోసం ఇన్‌స్టా ఇచ్చే టీన్ అకౌంట్ రక్షణలు రావు. సరైన తేదీ ఉంటే అకౌంట్ ప్రైవేట్‌గా ఉంటుంది, తెలియనివాళ్లు మెసేజ్ పంపలేరు, రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు నోటిఫికేషన్లు ఆగుతాయి. 16 ఏళ్లలోపు వాళ్లు వీటిని సడలించాలంటే పెద్దల అనుమతి కావాలి. రాత్రి పదికి ఇంట్లో అందరి ఫోన్లూ, మీవీ కలిపి, హాల్లో ఛార్జింగ్‌కు పెట్టండి. మీ యూపీఐ పిన్ ఈరోజే మార్చండి. దొంగచాటుగా నిఘా యాప్‌లు వేయడం నేను సమర్థించను. తెలిసిన రోజున బాబు ఇంకో అకౌంట్ తెరుస్తాడు, ఈసారి మీకు చెప్పడు.

బెదిరించినవాడు కొత్త పేరుతో మళ్లీ రావచ్చు. వస్తే జవాబివ్వకుండా స్క్రీన్‌షాట్ తీసి, పాత ఫిర్యాదు నంబరుతోనే దర్యాప్తు అధికారికి అందజేయండి.