సమాధానం: వివరాలన్నీ వేశాక పెన్ డ్రాయింగ్ మసకబారుతోంది

మర్రిచెట్టు ఆకులు, ఊడలు అన్నీ ఓపిగ్గా వేశాక బొమ్మంతా ఒకే బూడిద రంగు ముద్దలా అయిపోతోందని అడిగారు. మీ గీతలో లోపం లేదు. వెలుగునీడల లెక్క ముందే తేల్చుకోకపోవడం వల్లే ఇలా అవుతుంది.

దీనికి జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1504లో రాగిరేకు మీద చెక్కిన 'ఆడమ్ అండ్ ఈవ్' చూడండి. ఆ రేకు పూర్తికాక ముందు పరీక్ష కోసం కాగితం మీద తీసిన ప్రయోగ ముద్రలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో వెనక ఉన్న చీకటి అడవి దాదాపు పూర్తయింది, మనుషులు మాత్రం చాలావరకు ఉత్త రేఖల్లోనే ఉన్నారు. అంటే ముందు నలుపును స్థిరపరచుకుని, దాన్నిబట్టి ఒంటి మీది వెలుగు తేల్చుకున్నాడు. ఎంత గొప్ప క్రమశిక్షణ! నాకైతే ఆయన ప్రసిద్ధ కుందేలు బొమ్మ కన్నా ఈ అసంపూర్ణ ముద్రలే ఎక్కువ నేర్పాయి.

మీరూ అలాగే చేయండి. పెన్ను పట్టకముందు అగ్గిపెట్టెంత చిన్న స్కెచ్‌లో నలుపు, బూడిద, తెలుపు మూడే వేసుకోండి. తర్వాత అసలు బొమ్మలో, తెలుపు అనుకున్నచోట ఆకుల అంచులు తప్ప ఏమీ గీయొద్దు. కళ్లు చికిలించి చూసినా మూడూ విడివిడిగా కనబడాలి.

గీతల దిశ కోసం అమెరికన్ చిత్రకారుడు ఫ్రాంక్లిన్ బూత్ మేఘాలు, చెట్లు చూడండి. పత్రికల్లోని చెక్క నగిషీ ముద్రలను (చెక్క దిమ్మె మీద చెక్కి అచ్చేసిన బొమ్మలను) పెన్ను బొమ్మలనుకుని చిన్నప్పుడు కాపీ చేస్తూ ఆ పద్ధతి పట్టాడు. గీతల మధ్య దూరం మార్చి ఎన్ని ఛాయలు తెచ్చాడో గమనించండి.

మర్రిచెట్టులో ముందు ఊడల వెనక చీకటితో మొదలుపెట్టండి.