ఐదు జోడీల లెక్క ఎందుకు తప్పింది

బాస్కెట్‌బాల్‌లో ఐదు స్థానాల్లోని ఇరు జట్ల ఆటగాళ్లను పట్టికలో ఎదురెదురుగా పెట్టి విజేతను ఊహిస్తే లెక్క తప్పిందన్నారు కదండీ. లోపం ఆ పట్టికలోనే ఉంది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2015 ఫైనల్స్ చూడండి. క్లీవ్‌లాండ్ 2-1తో ముందుంది. నాలుగో మ్యాచ్‌కు గోల్డెన్ స్టేట్ కోచ్ స్టీవ్ కెర్ ఏడడుగుల సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడవాటి ఆటగాడు) బోగట్‌ను బెంచిపై కూర్చోబెట్టి, అతనికంటే పొట్టివాడైన ఇగువడాలను మొదటి ఐదుగురిలోకి తెచ్చారు. మీ పట్టికలో సెంటర్ గడి అక్కడే పనికిరాకుండా పోయింది! క్లీవ్‌లాండ్ సెంటర్ మోజ్గోవ్ 28 పాయింట్లు కొట్టాడు. అంటే ఆ జోడీలో గెలుపు అతనిదే. అయినా జట్టు 103-82తో చిత్తయింది. పొడవాటి మోజ్గోవ్ అటువైపు వేగాన్ని అందుకోలేకపోయాడు మరి. గోల్డెన్ స్టేట్ 4-2తో సిరీస్ గెలిచింది, ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు ఇగువడాలానే.

అందుకే ఈసారి స్థానాలు వదిలేసి, క్లీవ్‌లాండ్ స్టార్ లెబ్రాన్ లాంటివాణ్ని ఎవరు అడ్డుకుంటారు, చివరి క్వార్టర్‌లో ఎవరిని బెంచికి పిలవక తప్పదు అన్నవి ముందు రాసుకోండి.