‘బైసెక్సువల్’ను తెలుగులో ఏమనాలి?

సందేహం: హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అబ్బాయిల మీదే కాదు, అమ్మాయిల మీద కూడా నాకు ఇష్టం కలుగుతోందని ఇంటర్ రోజుల నుంచీ అనుమానం. ఏళ్ల తరబడి నన్ను నేను ప్రశ్నించుకున్నాక, నేను బైసెక్సువల్ అని ఇప్పుడు స్పష్టంగా తెలిసింది. మా అమ్మకు చెప్పాలనుకుంటున్నాను. ఆమెకు ఇంగ్లీషు రాదు. వెతికితే ‘ద్విలింగి’, ‘ద్విలింగ సంపర్కులు’ అనే మాటలు కనిపించాయి. రెండూ నోటికి రావడం లేదు. సరైన మాట ఏది? ‘బైసెక్సువల్ అయ్యాను’ అనాలా, ‘అని ఒప్పుకుంటున్నాను’ అనాలా?
– పేరు రాయవద్దన్న ఒక పాఠకురాలు

సమాధానం: ఆ రెండు మాటలూ మీ నోటికి రాకపోవడంలో మీ లోపమేమీ లేదమ్మా. మీరు చెప్పదలచుకున్నదాన్ని ఆ మాటలు చెప్పవు.

ముందు ‘ద్విలింగి’ సంగతి. లింగం అంటే మొదటి అర్థం గుర్తు, చిహ్నం. వ్యాకరణంలో పుంలింగం, స్త్రీలింగం అన్నప్పుడూ ఆ అర్థమే. అమరకోశానికి అసలు పేరు ‘నామలింగానుశాసనం’. ఏ పదానికి ఏ లింగమో చెప్పే పుస్తకం కాబట్టి ఆ పేరు. శాస్త్ర పుస్తకాల్లోకి వచ్చేసరికి ఈ మాట శరీర భాగాలకు అంటుకుంది. కేసరాలూ అండకోశమూ ఒకే పువ్వులో ఉంటే దాన్ని ద్విలింగ పుష్పం అంటాం. మందార అలాంటిదే. గుమ్మడి, కాకర పువ్వులు ఏకలింగ పుష్పాలు. వానపామును ఉభయలైంగిక జీవి అని బడిలో చదువుకున్నాం. కాబట్టి ‘నేను ద్విలింగిని’ అంటే వినేవాళ్లు మీ శరీరం గురించి ఏదో చెబుతున్నారనుకుంటారు. మీరు చెబుతున్నది మీ మనసు గురించి.

ఈ చిక్కు మనకే వచ్చింది కాదు. ఇంగ్లీషులో ‘బైసెక్సువల్’ కూడా మొదట పువ్వులకూ, ఆడ మగ అవయవాలు రెండూ ఉన్న జీవులకూ వాడిన మాటే. ఇద్దరి పట్లా ఆకర్షణ అనే అర్థం 19వ శతాబ్దం చివర్లో వచ్చి చేరింది. క్రాఫ్ట్ ఎబింగ్ అనే మనోవైద్యుడు జర్మన్‌లో రాసిన గ్రంథాన్ని అమెరికా వైద్యుడు చార్లెస్ గిల్బర్ట్ చాడక్ 1892లో ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఈ అర్థంలో తొలి వాడుకల్లో ఒకటిగా ఆ అనువాదాన్నే చూపిస్తారు. తర్వాత దశాబ్దాల తరబడి మనుషులు ఆ మాటతో తమ గురించి చెప్పుకుంటూ వచ్చారు కాబట్టి, ఈరోజు ఇంగ్లీషువాళ్లకు అది వినగానే పువ్వు గుర్తుకు రాదు. మన ‘ద్విలింగ’కు ఆ వాడుక ఇంకా దొరకలేదు. అది పుస్తకంలోనే ఉండిపోయింది.

‘ద్విలింగ సంపర్కులు’ అన్న మాటతో ఇబ్బంది వేరు. సంపర్కం అంటే తాకిడి, కలయిక. ఇది ‘స్వలింగ సంపర్కం’ అచ్చులోనే పోసిన మాట. ఆ మాట వార్తల్లో బాగా తిరగడానికి కారణం ఉంది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ నేరంగా చూసింది ఒక చర్యను. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఇష్టపూర్వకంగా వయోజనులు ఏకాంతంలో చేసేది నేరం కాదని తీర్పు చెప్పింది. ఆ వార్త రాయడానికి ‘సంపర్కం’ సరిపోతుంది, అక్కడ చర్చ చర్య గురించే కాబట్టి. మనిషికి పేరు పెట్టడానికి మాత్రం అది సరిపోదు. ఎవరి చేయీ పట్టుకోకుండానే తన మనసు ఎటు పోతుందో మనిషికి తెలుస్తుంది. మగవాళ్ల మీద ఇష్టం ఉన్న ఆడమనిషిని మనం ఎప్పుడైనా ‘పరలింగ సంపర్కురాలు’ అన్నామా? ఒకరిని ఇష్టంతో గుర్తించి, మరొకరిని పడకతో గుర్తించడం అన్యాయం. ఈ మాటను మనుషులకు వాడటం పత్రికలు మానుకోవాలని నా కోరిక.

పుస్తకాల్లో, వ్యాసాల్లో రాయడానికి ఒక మాట కావాలంటే ‘ద్విలైంగికత’ నయం. లైంగికత అనే మాట సెక్సువాలిటీకి ఇప్పటికే స్థిరపడింది. ద్విపక్షం నుంచి ‘ద్వైపాక్షికం’ వచ్చినట్టు ‘ద్వైలింగికం’ అనాలి కదా అని పండితులు అడగవచ్చు. ద్వివార్షిక మొక్కలు అని మన పాఠ్యపుస్తకాలే రాస్తున్నాయి కాబట్టి ‘ద్విలైంగిక’కూ అడ్డు లేదు. ‘ద్వి’ ఉంది కదా అని సగం సగం అనుకోవద్దు. మనుషుల లైంగికతను అధ్యయనం చేసిన అమెరికా శాస్త్రవేత్త కిన్సే, ఆయన బృందం 1948లో 0 నుంచి 6 దాకా ఒక కొలబద్ద గీశారు. ఇష్టం పరలింగం మీదే ఉంటే 0, స్వలింగం మీదే ఉంటే 6. ఆ 0కీ 6కీ మధ్య చాలా చోటు ఉంది. ఒకవైపు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ ఉన్నంత మాత్రాన మీ మాట అబద్ధం కాదు.

అమ్మతో మాత్రం ‘నేను ద్విలైంగికురాలిని’ అనకండి. ఆ మాట ఆమెకు ఇంగ్లీషు కన్నా దూరం. ‘బైసెక్సువల్‌ని’ అనండి. బస్సు, డాక్టర్, టెన్షన్ తెలుగైనట్టే ఇదీ అవుతుంది. పైగా దీనికి ‘డు’, ‘రాలు’ తగిలించే పని లేదు. ఆడవాళ్లయినా మగవాళ్లయినా ‘బైసెక్సువల్‌ని’ అంటే చాలు.

ఇక క్రియలు. నిజానికి మీ ప్రశ్నలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. ‘అయ్యాను’ అంటే ముందు ఒకటిగా ఉండి తర్వాత మరొకటిగా మారడం. ‘డాక్టర్ అయ్యాను’, ‘ముసలివాణ్ణయ్యాను’ అన్నట్టు. అమ్మ వెంటనే ‘ఎప్పటి నుంచి? ఎవరి వల్ల?’ అని అడుగుతుంది. ‘ఒప్పుకుంటున్నాను’ అంటే అంతకన్నా చేటు. తెలుగులో ఒప్పుకునేది ఎక్కువగా తప్పునూ, అప్పునూ, ఓటమినీ. ‘బయటపడ్డాను’ అన్నా దొరికిపోయినట్టే వినిపిస్తుంది. మీ ఉత్తరంలో మీరే రాసిన మాట ఒకటుంది: ‘తెలిసింది’. నాకు ఆకలి వేసింది, నాకు జ్వరం వచ్చింది, నాకు తెలిసింది. లోపల జరిగేవాటిని తెలుగు ఇలా ‘నాకు’తోనే చెబుతుంది. మనం చేసినవి కావు, మనకు కలిగినవి. ‘నేను బైసెక్సువల్‌నని నాకు తెలిసింది’ అనండి. ఇన్నేళ్లు మీరు పడ్డ మథన కూడా చెప్పాలనిపిస్తే ‘తెలుసుకున్నాను’ అనండి. అందులోని ‘కొను’ ఆ శ్రమను చెబుతుంది.

ఆ మాటకు అర్థం విడమరిచేటప్పుడు ‘నచ్చుతారు’ దగ్గర కొంచెం జాగ్రత్త. ‘నాకు ఆడవాళ్లు నచ్చుతారు’ అంటే అమ్మ స్నేహం అనుకొని ‘దానిదేముంది’ అంటుంది. తెలుగులో ‘మనసు పడటం’ అనే మంచి పలుకుబడి ఉంది. స్నేహానికి దాన్ని ఎవరూ వాడరు.

మరొక్కటి, చాలా చిన్న అక్షరం. మీలాంటివాళ్లను చుట్టుపక్కలవాళ్లు ఎక్కువగా అడిగేది ‘ఆడవాళ్లో మగవాళ్లో తేల్చుకో’ అని. ఆ ‘ఓ’ సందేహాన్ని చెప్పేది: రేపో ఎల్లుండో, ఎవరో ఏమో. మీరు ప్రశ్నించుకున్న రోజుల్లో ఆ ‘ఓ’ మీకూ సరిపోయి ఉంటుంది. ఇప్పుడు మీకు కావలసింది సముచ్చయం, అంటే రెంటినీ కలిపి చెప్పడం. పాత గ్రంథాల్లో ‘రాముడును లక్ష్మణుడును’ అని రాసేవారు. వాడుకలో ‘ను’ పోయి చివరి అచ్చు దీర్ఘమైంది: రాముడూ లక్ష్మణుడూ. ఇద్దరి పేర్లూ చెప్పాం కాబట్టి ఇద్దరిలో ఎవరో తెలియక తికమక పడుతున్నామని ఎవరూ అనరు కదా.

కాబట్టి ఇలా చెప్పి చూడండి: ‘అమ్మా, నాకు మగవాళ్ల మీదా మనసు పడుతుంది, ఆడవాళ్ల మీదా మనసు పడుతుంది. చాలా ఏళ్లు ఆలోచించుకున్నాక తెలిసింది. నాలాంటివాళ్లను బైసెక్సువల్ అంటారు.’ ఆమె ‘అయితే ఇప్పుడు ఆడవాళ్లో మగవాళ్లో…’ అని మొదలుపెడితే, తొందరపడకుండా ఆ దీర్ఘాలను ఒత్తి పలుకుతూ మొదటి వాక్యాన్ని మళ్లీ చెప్పండి.