నక్షత్రాలు చూడటానికీ పొలం పనులకూ నిజంగా సంబంధం ఉందా? వారం వారం నోట్సు రాసేవాళ్లు అందులో ఏం రాస్తారు?

నాలుగేళ్లుగా ఆదివారం రాత్రి ఒక పేజీ రాస్తున్నాను. పైన వాన, మట్టి, తోట సంగతులు. మధ్యలో ఆకాశంలో కనిపించినవి. చివర ఇంటి సంగతులు రెండు ముక్కలు. మొదట్లో పైభాగం పని, మధ్యభాగం సరదా అనుకునేవాణ్ణి. ఆ రెంటికీ సంబంధం ఉందని దీపపు ఎర వల్ల తెలిసింది.

మొదటి ఏడాది టమాటా తోటలో ఎర పెట్టాను. ఒక బల్బు, దాని కింద సబ్బునీళ్ల పళ్లెం, అంతే. పొద్దున్నే పళ్లెంలో తేలిన రెక్కల పురుగుల్ని పుల్లతో పక్కకు లాగుతూ లెక్కపెట్టేవాణ్ణి. రోజూ ముప్పై, నలభై పడేవి కాస్తా ఒక వారం ఆరు, ఐదు, ఏడుకు దిగిపోయాయి. పీడ విరగడైందని సంబరపడి మొక్కలు తిరగేసి చూడటం మానేశాను. పది రోజుల తర్వాత చూస్తే కాయలకు చిల్లులు. ఒక కాయలో అయితే ఆ రెక్కల పురుగుల పిల్లే, పచ్చపురుగు, తల లోపల, ఒళ్లు బయట పెట్టుకుని తీరిగ్గా తింటోంది.

ఆ వారం పేజీ తీసి చూశాను. మధ్యభాగంలో నా రాతే ఉంది: "వెన్నెల ఎక్కువ, చుక్కలు సరిగ్గా కనపడలేదు." పున్నమి! పండు వెన్నెల్లో బల్బు వెలుగు దూరానికి ఆనదు కాబట్టి పురుగులు దాని దగ్గరికి అంతగా రావు. తగ్గింది పురుగు కాదు, ఎరకు పడటం. అప్పటి నుంచి లెక్క పక్కన చంద్రుడి సంగతి కూడా రాస్తున్నాను. పున్నమి వారాన్ని పోయిన పున్నమి వారంతోనే పోల్చుకుంటాను.

ఇంకోటి మంచు. మబ్బు ఉన్న రాత్రి ఆ మబ్బే దుప్పటిలా పనిచేసి నేల వేడిని నిలుపుతుంది. నక్షత్రాలు చూడటానికి బాగుండే రాత్రి, అంటే ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆడని రాత్రి, ఆకులు త్వరగా చల్లబడి మంచు పడుతుంది. ఈ వారం మూడు రాత్రులు అలాగే గడిచాయి. బైనాక్యులర్‌లో కృత్తికలు అనే చుక్కల గుంపు చూస్తుంటే అద్దాలు మసకబారాయి. అద్దానికి పట్టిందంటే ఆకుకీ పడుతోందన్నమాటే. ఆకు ఎక్కువసేపు తడిగా ఉంటే మచ్చతెగుళ్లకు పండగ. అందుకే మసకబారిన టైము రాసుకుంటాను. మర్నాడు ఆకు ఆరేదాకా తోటలో చెయ్యి పెట్టను. తడి ఆకుల మధ్య తిరిగితే తెగులును మనమే మొక్క నుంచి మొక్కకు మోసినట్టు.

చంద్రుడి చుట్టూ వరదగుడి కడితే వాన వస్తుందంటారు కదా. ఎత్తున ఉండే పలుచని మబ్బుల్లోని మంచు పలుకుల వల్ల ఆ వలయం కనిపిస్తుంది. ఒక్కోసారి వెనకాలే వాన మబ్బు వస్తుంది, ఒక్కోసారి రాదు. నా నోట్సులో పదకొండు సార్లు గుడి కట్టింది, నాలుగు సార్లే వాన పడింది. దాన్ని నమ్ముకుని నేనైతే మందు కొట్టడం ఆపను.

మీరు మొదలుపెడితే ప్రతి వారం అదే రోజు, అదే టైముకు, అదే చోట నిలబడి చూడండి. నక్షత్రం రోజుకు సుమారు నాలుగు నిమిషాలు ముందుగా ఉదయిస్తుంది, అంటే వారానికి దాదాపు అరగంట. ఈ సంగతి నేను చెప్పకముందే మా పాప పట్టేసింది: "నాన్నా, పోయిన వారం ట్యాంకు వెనకాల ఉన్న చుక్క ఇప్పుడు ట్యాంకు పైకెక్కింది!" కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఆలోపు ఫోన్ చూశారో, మళ్లీ మొదటికే. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోండి. నేను ఆ కాగితం చుట్టడానికి బద్ధకించి టార్చి లేకుండా పైకి చూస్తూ నడిచి, కాలవలో కాలు పెట్టాను.

ఈ ఆదివారం పేజీ ఇదీ: "వాన లేదు. జానెడు లోతు మట్టి పిడికిట్లో ముద్ద కట్టింది, తడి ఇంకో రెండు రోజులు చాలు. అమావాస్య దగ్గర, ఎరలో 34. కృత్తికలు ఆరు, ఏడోది కనిపించిందని పాప అంటోంది, నాకు కనపడలేదు. అద్దాలు 9.10కి మసక. చెప్పు తెగింది, కొత్తవి కొనాలి."